ఆదివారపు బొమ్మల తరగతులు: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. చూపు లేని యువతకు కొండపల్లి బొమ్మల తయారీ నేర్పే మన ఆదివారపు తరగతులు వచ్చే నెలలోనూ కొనసాగుతాయి. తెల్ల పొణికి కర్ర మెత్తగా, తేలికగా ఉండడం వల్లా, భాగాలను అతికించే చింతగింజల పిండి, రంపపు పొట్టు ముద్ద వేళ్లకే తెలిసిపోవడం వల్లా ఈ పని వారికి బాగా పట్టుబడుతోంది. పోయిన వారం ఒక అమ్మాయి ఏనుగు తొండం అతుకును బొటనవేలితో తడిమి, గురువుగారి కన్నా ముందే వంకరను పట్టుకుంది. రంగులు వేయడానికి మాత్రం పక్కన చూపున్న తోడు కావలసి వస్తోంది. ఆ మాట దాచడమెందుకు. కళల కోర్సులను దివ్యాంగులు పాల్గొనేందుకు వీలుగా మార్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది కనుక, హాలు కోసం పెట్టే అర్జీలో దాన్ని ప్రస్తావించాం. ముసాయిదా చదివి, సవరణలుంటే శుక్రవారంలోగా ఇక్కడే తెలుపగలరు.