పాత ఫోర్క్‌కి కొత్త స్టెమ్: మా షాపులో చేసే పని, చేయని పని

మన కస్టమర్లందరికీ నమస్కారం.

కొంతకాలంగా షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే పని అడుగుతున్నారు. పాత సైకిల్ ఉంది, ఫ్రేము గట్టిగా ఉంది, దానికి ఇప్పటి సైకిళ్ళకి వచ్చే రకం స్టెమ్ (హ్యాండిల్ బార్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క), హ్యాండిల్ బార్ వేసివ్వాలి. ఈ పనికి వచ్చే నెల మొదటి తారీఖు నుంచి రేటు మారుతోంది, తీసుకునే టైమ్ కూడా మారుతోంది. ఒక రకం పని మాత్రం ఎంత అడిగినా చేయం. ఎందుకో వివరంగా చెప్తాను. చదివాక మీలో కొందరు ఈ పని అక్కర్లేదనుకుంటే నాకు సంతోషమే.

విశాఖలో ఇలాంటి సైకిళ్ళకి కొదవ లేదు. స్టీల్ ప్లాంట్ డ్యూటీకి తొక్కిన సైకిల్‌ని రిటైరయ్యాక మళ్ళీ బయటికి తీసేవాళ్ళున్నారు. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన నేవీ కుటుంబాలు ఎక్కడెక్కడివో పాత స్టీల్ సైకిళ్ళు వెంట తెచ్చుకుంటాయి. కాలేజీ రోజుల రేంజర్ సైకిల్‌ని అటక మీంచి దింపి, బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్ళాలనుకునేవాళ్ళు మరికొందరు. అందరి కష్టమూ ఇంచుమించు ఒకటే: హ్యాండిల్ దూరంగానో, కిందకో ఉంటుంది, కాసేపటికి మెడా నడుమూ పట్టేస్తాయి.

ముందు స్టెమ్ బిగించే పాత, కొత్త పద్ధతుల తేడా చెప్పాలి. పాత సైకిల్లో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి పైన ఉండే గొట్టం పైచివర బయటివైపు మరలు కోసి ఉంటాయి. పైన హ్యాండిల్ తిరగడానికి ఉండే బాల్స్ కప్పుని ఆ మరల మీద తిప్పుతూ బిగువు సరిచేసి, దాని మీద లాక్ నట్ వేస్తారు. స్టెమ్ గొట్టం లోపలికి దిగుతుంది. దాని అడుగున ఏటవాలుగా కోసిన చిన్న దిమ్మ ఉంటుంది. పైనుంచి పొడుగాటి బోల్టు బిగిస్తే ఆ దిమ్మ పక్కకి జరిగి గొట్టం గోడని ఒత్తి పట్టుకుంటుంది. దీన్నే క్విల్ స్టెమ్ అంటాం. కొత్త పద్ధతిలో గొట్టానికి బయట మరలు ఉండవు, నున్నగా పైకి వస్తుంది. స్టెమ్ దాన్ని బయటినుంచి చుట్టి పట్టుకుంటుంది. బాల్స్ బిగువు టాప్ క్యాప్ (పైనున్న మూత) బోల్టుతో సరిచేసి, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు బిగిస్తే అలాగే నిలిచిపోతుంది.

ఇది జాన్ రేడర్ అనే ఆయన ఆలోచన. 1990ల మొదట్లో డయా కాంపే కంపెనీ అహెడ్‌సెట్ అనే పేరుతో తెచ్చింది. అది అంత త్వరగా పాకడానికి పెద్ద కారణం తయారీదార్ల సౌకర్యం. పాత పద్ధతిలో ఒక్కో ఫ్రేము సైజుకి ఒక్కో పొడుగు ఫోర్క్ చేసి, సరిగ్గా కావలసిన చోట మరలు కోయాలి. కొత్తదానిలో అందరికీ ఒకే పొడుగు ఫోర్క్ తెప్పించుకుని, ఫ్రేముని బట్టి కోసుకుంటే చాలు. బరువు తగ్గడం, పెద్ద పానాలు లేకుండా ఒక్క ఎల్లెన్ కీతో పని అయిపోవడం కూడా కలిసొచ్చాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాత పద్ధతి చెడ్డదై పోలేదు. మీ క్విల్ స్టెమ్ బాగుంటే, దాని హ్యాండిల్ ఎత్తు మీకు సరిపోతుంటే దాన్ని తీసేయాల్సిన అవసరం ఏమీ లేదు. పైగా ఎత్తు మార్చుకోవడం క్విల్‌లోనే తేలిక. ఒక్క బోల్టు వదులు చేసి పైకి లాగొచ్చు, కిందికి దించొచ్చు, బాల్స్ బిగువు చెదరదు.

మేం చేసే పని అడాప్టర్ వేయడం. ఇది చూడ్డానికి క్విల్ స్టెమ్ లాంటిదే. కింది భాగం పాత గొట్టంలోకి దిగి అదే దిమ్మతో బిగుసుకుంటుంది, పై భాగం 28.6 మి.మీ. లావుతో కొత్త ఫోర్క్ గొట్టంలా పైకి వస్తుంది. దానికి ఇప్పుడు దొరికే 1-1/8 అంగుళం స్టెమ్ ఏదైనా పడుతుంది. లాభం ఎక్కడంటే, స్టెమ్ పొడుగు మీ ఇష్టం. 60 మి.మీ. వేసి చూసి, చాలకపోతే 80 వేసుకోవచ్చు. ముందు ప్లేటు విప్పితే హ్యాండిల్ బార్ బయటికి వచ్చేస్తుంది. పాత స్టెమ్‌లో అయితే బార్ మార్చాలంటే ఒకవైపు గ్రిప్పు, బ్రేక్ లీవర్ అన్నీ ఊడదీసి పక్కనుంచి లాగాలి. ఇప్పటి 31.8 మి.మీ. బార్లు కూడా వాడుకోవచ్చు.

ఇంతవరకే లాభం. అడాప్టరూ స్టెమూ కలిపితే బరువు పాతదానికంటే సాధారణంగా పెరుగుతుంది, తగ్గదు. ముందుభాగం గట్టిపడుతుందని కూడా కొందరు అంటున్నారు. గొట్టం లోపల ఉన్న అడాప్టర్ కాలు పాత క్విల్ లావే కదా, అక్కడ గట్టిదనం ఎలా పెరుగుతుంది? ఇంకో ముఖ్యమైన విషయం: అడాప్టర్ వేశాక మీ బాల్స్ బిగువుకీ పైనున్న టాప్ క్యాప్‌కీ ఏ సంబంధమూ ఉండదు. బిగువు ఇంకా పాత లాక్ నట్ చేతిలోనే ఉంటుంది. ముందు భాగం టకటకలాడితే ఇంట్లో టాప్ క్యాప్ బిగించి ఊరుకోకండి. అది అక్కడ మూత మాత్రమే. షాపుకి తీసుకురండి, రెండు పానాలతో అయిదు నిమిషాల పని.

సైజు విషయం. గొట్టం బయటి లావు 1 అంగుళం ఉన్న ఫోర్క్‌లో సాధారణంగా 22.2 మి.మీ. క్విల్ పడుతుంది, 1-1/8 అంగుళం ఫోర్క్‌లో 25.4. లాక్ నట్‌కి 32 పానా పడితే మొదటిది, 36 పడితే రెండోది అని ఎక్కువసార్లు చెప్పేయొచ్చు. కానీ పాత ఫ్రెంచి సైకిళ్ళలో 22.0 ఉంటుంది, కొన్ని అమెరికన్ సైకిళ్ళలో 21.1 ఉంటుంది. తేడా వెంట్రుకవాసే కదా అని సుత్తితో కొట్టి దించితే గొట్టం పగులుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో ముందే అడాప్టర్ కొని తేవద్దని అడుగుతున్నాను. కాలిపర్‌తో కొలిచాక కొందాం. మాకు ఒక సప్లయర్ నుంచి వచ్చిన సరుకులో ఒకే పెట్టెలోని అడాప్టర్లే ఒకదానికొకటి కొలత తేడాగా వచ్చాయి, మొత్తం వెనక్కి పంపాం. ఇప్పుడు వచ్చిన ప్రతి పీసూ కొలిచి, కాలు మీద కనీసం ఎంత లోపలికి దిగాలో చెప్పే గీత ఉందో లేదో చూసుకున్నాకే షెల్ఫులో పెడుతున్నాం. దీనివల్ల స్టాకు తక్కువ ఉంటోంది, కొంచెం ఆగాల్సి వస్తే ఓపిక పట్టండి.

ఆ గీత గురించి ఇంకో మాట. గీత కనపడకుండా లోపలికి దిగితే చాలదు. అడుగున ఒత్తుకునే దిమ్మ మరలు కోసిన భాగం దాటి కిందికి వెళ్ళాలి. మామూలు 1 అంగుళం గొట్టం బయట 25.4, లోపల 22.2 ఉంటుంది, అంటే గోడ మందం 1.6 మి.మీ. అంగుళానికి 24 చుట్లు ఉండే మర లోతు సుమారు 0.65 మి.మీ. పోతే, మరలున్న చోట మిగిలే ఇనుము ఒక మి.మీ. కంటే కాస్త తక్కువే. పైగా వాషర్ తిరగకుండా చాలా ఫోర్క్‌లకి అక్కడే నిలువుగా ఒక గాడి కూడా కోసి ఉంటుంది. ఆ పలచటి చోట దిమ్మ ఒత్తితే గొట్టం ఉబ్బుతుంది, రోజూ గుంతల్లో పడి లేచే సైకిల్ అయితే పగులు అక్కడే మొదలవుతుంది. హ్యాండిల్ బాగా ఎత్తు కావాలని అడాప్టర్‌ని పైకి లాగమనేవాళ్ళకి నేను కుదరదనేది అందుకే. ఎత్తు కావాలంటే పొడుగు కాలున్న అడాప్టర్ తెప్పిస్తాను, లేదా పైకి వంపున్న స్టెమ్ వేద్దాం.

ఇక ఎంత అడిగినా చేయనిది. లాక్ నట్ తీసేసి, మరలున్న గొట్టం మీదే కొత్త స్టెమ్‌ని నేరుగా బిగించమని, లేదా గొట్టం పొట్టిగా ఉంటే పైన ఇంకో ముక్క వెల్డింగ్ చేసి బిగించమని అడుగుతున్నారు. వీడియోల్లో చూసి వస్తున్నారు, బయట లేత్ షాపుల్లో తక్కువకి చేసిస్తామంటున్నారట. అలాంటి చోట స్టెమ్ మరల పళ్ళ అంచుల మీద కూర్చుంటుంది తప్ప నిండుగా పట్టదు. బలం పడేది ఇందాక చెప్పిన ఆ మిల్లీమీటరు గోడ మీదే. వెల్డింగ్ అతుకు ఎంత నున్నగా ఉన్నా, వేడికి పక్క ఇనుము గుణం మారుతుంది. చైన్ తెగితే ఆగిపోతారు, బ్రేక్ ఒకటి పోతే రెండోది ఉంటుంది. కైలాసగిరి కొండ దిగుతున్నప్పుడు ఫోర్క్ గొట్టం తెగితే చేతిలో హ్యాండిల్ మిగులుతుంది, సైకిల్ తిరగదు. డబ్బులెక్కువ ఇస్తామన్నా, రిస్కు మాదేనని రాసిచ్చినా చేయను. ఇప్పటికే అలా చేయించుకున్న సైకిల్ మీ దగ్గర ఉంటే తీసుకురండి. చూడడానికి డబ్బులు తీసుకోను.

మొత్తం ఫోర్క్ మార్చడం ఇంకో దారి. మీ ఫ్రేము హెడ్ ట్యూబ్ (ఫోర్క్ గొట్టం దూరే ముందు గొట్టం) 1-1/8 కప్పులకి సరిపోయేదైతే ఇది మంచి పని, కొత్త ఫోర్క్‌లు దొరుకుతాయి. 1 అంగుళం ఫ్రేము అయితే మరలు లేని 1 అంగుళం ఫోర్క్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. సస్పెన్షన్ ఫోర్క్ కావాలనేవాళ్ళు ఒకటి గమనించాలి: అది పాతదానికంటే పొడుగుంటే ముందుభాగం లేస్తుంది, సీటు వెనక్కి వాలుతుంది, తిరగడం బద్ధకంగా అవుతుంది. ఫ్రేము చూడకుండా ఫోన్‌లో దీనికి రేటు చెప్పలేను.

రాడ్ బ్రేకుల నల్ల సైకిళ్ళు తెచ్చేవాళ్ళకి నా సలహా, దాని జోలికి వెళ్ళకండి. వాటిలో చాలావాటికి హ్యాండిలూ స్టెమూ కలిసిన ఒకే ముక్క, బ్రేక్ రాడ్లు కూడా దానికే అమరి ఉంటాయి. అడాప్టర్ వేయాలంటే బ్రేకులు మొత్తం మార్చాలి. చివరికి మీ నాన్నగారి సైకిల్ అని చెప్పుకోవడానికి ఫ్రేము తప్ప ఏమీ మిగలదు. దాన్ని అలాగే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, రాడ్లు సరిచేసి ఇస్తాం. ఆ పని చేయడం నాకు చాలా ఇష్టం కూడా.

రేటు ఎందుకు పెరుగుతోందో చెప్పాలి. మన ఊళ్ళో సముద్రపు గాలి ఉంది, దానికి తోడు ఒళ్ళంతా చెమట. రెండూ హ్యాండిల్ మీంచి గొట్టంలోకి జారుతాయి. స్టీలు గొట్టంలో అల్యూమినియం స్టెమ్ ఏళ్ళ తరబడి గ్రీజు లేకుండా ఉంటే తెల్లటి తుప్పు పొడి పట్టి రెండూ ఒకటైపోతాయి. మామూలుగా క్విల్ తీయడం తేలిక: బోల్టుని మూడు నాలుగు చుట్లు వదిలి, పైన చెక్కముక్క పెట్టి ఒక దెబ్బ కొడితే దిమ్మ కిందికి జారిపోతుంది, తర్వాత స్టెమ్ మెలితిప్పితే వచ్చేస్తుంది. పట్టేసినదానికి నూనె పోసి రాత్రంతా ఉంచాలి, మర్నాడు మళ్ళీ పోయాలి. బలవంతంగా తిప్పితే ఫోర్క్ కాళ్ళు వంకరపోతాయి. ఇంట్లో ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి చూశాక ఇక్కడికి తెస్తున్నారు, దయచేసి అలా చేయకండి.

ఇన్నాళ్ళూ ఎలాంటి సైకిలైనా అడాప్టర్ వేసే కూలీ ఒక్కటే తీసుకున్నాం. ఇకనుంచి క్విల్ తేలిగ్గా వచ్చే సైకిల్‌కి కూలీ 450 రూపాయలు. ఇందులో ఫోర్క్ దించి, గొట్టం లోపలా బయటా పగుళ్ళు చూసి, పాత బాల్స్ తుడిచి, గ్రీజు పెట్టి, బిగువు సరిచేయడం అన్నీ కలిసి ఉన్నాయి. ఫోర్క్ దించకుండా అడాప్టర్ వేయమంటే వేయం. పట్టేసిన క్విల్‌కి అదనంగా 300. గొట్టం పాడైందని తేలితే అడాప్టర్ అమ్మం, అప్పటివరకు చేసిన పనికి 200 మాత్రమే తీసుకుంటాం. అడాప్టర్, స్టెమ్, బార్ ధరలు బిల్లులో విడివిడిగా కనపడతాయి. హ్యాండిల్ ఎత్తు పెరిగితే బ్రేక్ కేబుళ్ళు, గేర్ కేబుళ్ళు చాలకపోవచ్చు, ఆ ఖర్చు కూడా ముందే అనుకోండి. పాత ఎంటీబీల్లో (మౌంటెన్ బైకుల్లో) కొన్నిటికి ముందు బ్రేక్ కేబుల్ స్టెమ్‌లోంచే కిందికి దిగుతుంది. వాటికి లాక్ నట్ కింద కేబుల్‌ని పట్టుకునే వేరే హ్యాంగర్ వేయాలి. అది చిన్న పార్టే గానీ అన్నివేళలా దొరకదు.

వచ్చేటప్పుడు రోజూ తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతో రండి. ముందు సీటు ఎత్తు సరిచేసి, స్టాండు మీద కూర్చోబెట్టి చూస్తాను. చాలాసార్లు సీటు కొంచెం ముందుకి జరిపితేనో, ఉన్న క్విల్‌ని గీత దాటకుండా కాస్త పైకి తీస్తేనో నొప్పి పోతుంది. అలా సరిపోతే ఆ పనికి యాభై రూపాయలు, అంతే.

సైకిల్ కనీసం రెండు రోజులు మా దగ్గర ఉంచాలి. శనివారం సాయంత్రం ఇచ్చి ఆదివారం తెల్లవారుజామున భీమిలి రైడ్‌కి కావాలంటే కుదరదు, దయచేసి ఆ టెన్షన్ నాకు పెట్టకండి. తీసుకెళ్ళాక వారం రోజుల్లో ఒకసారి మళ్ళీ తీసుకురండి. కొత్తగా వేసిన దిమ్మ, స్టెమ్ బోల్టులు కొంచెం సర్దుకుంటాయి, టార్క్ పానాతో (బిగువు కొలిచే పానాతో) మళ్ళీ చూసిస్తాను, దానికి డబ్బుల్లేవు. ఆదివారాలు పొద్దున పది దాటాక వస్తే మీతో నింపాదిగా మాట్లాడే వీలుంటుంది.