పేరు తెలియని ఆ నర్సు గారికి

అమ్మా, మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.

కారు ప్రమాదంలో సీటు బెల్టు ఒరుసుకుని మా తమ్ముడి మెడ నల్లగా కమిలిపోయింది. స్కానింగులో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. అయినా మూడో రాత్రికి గుండె దడ, ఒళ్లంతా చెమట. భయపడ్డాడులే అనుకున్నాం అందరం. మీరు మాత్రం అతని చేతులు చాపించి వేళ్ల మీద ఒక కాగితం పెట్టారు. అది గడగడ వణికింది. నిద్రపోయాక మళ్లీ వచ్చి నాడి చూశారు. 130! భయమైతే నిద్రలో తగ్గాలి కదా అంటూ వెంటనే డాక్టరు గారిని పిలిపించి, థైరాయిడ్ పరీక్ష సంగతి మీరే ఎత్తారు.

థైరాయిడ్ హార్మోన్ టీ4 బాగా పెరిగింది, ఆ గ్రంథిని పని చేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ అడుగంటింది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి వారాలకు సరిపడా హార్మోన్ నిల్వ ఉంచుకుంటుందని, దెబ్బకు ఆ నిల్వంతా రక్తంలోకి వచ్చేసిందని డాక్టరు గారు వివరించారు. కొత్తగా తయారవుతున్నది కాదు కాబట్టి హార్మోన్ తయారీని ఆపే కార్బిమజోల్ మందుతో పని లేదట. ప్రొప్రనలాల్ అనే మందుతో గుండె వేగాన్ని అదుపులో పెట్టారు. తర్వాత హార్మోన్ తగ్గిపోయే దశ కూడా రావచ్చని చెప్పి, మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించారు.

ఇప్పుడు అన్నీ మామూలే. తమ్ముడు మళ్లీ పనికి వెళ్తున్నాడు. మీరు పట్టించుకోకపోతే ఏమై ఉండేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. మీ రుణం తీర్చుకోలేనిది. మీరు, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి తల్లీ.