భుజం నొప్పి సంగతి ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పిత్తాశయంలో రాళ్లుంటే నాకు ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్ల గుండా కెమెరా పంపి చేసే ఆపరేషన్‌తో, పిత్తాశయాన్నే తీసేశారు. అప్పటికే ఒక రాయి పిత్తనాళంలోకి జారి కళ్లు పచ్చబడ్డాయి. అందుకని ముందు ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి గుండా గొట్టం పంపి ఆ రాయిని లాగేశారు. మర్నాడు ఆపరేషన్. పొట్ట మీద నాలుగే నాలుగు చిన్న గాట్లు. బొడ్డు దగ్గరది తప్ప మిగతావి ఇప్పుడు వెతికితే గానీ కనబడవు. ఆ డాక్టర్ల చేతులకు దణ్ణం పెడతాను.

అయితే ఆ రాత్రి కుడి భుజంలో పోటు మొదలైంది. కోసింది పొట్ట, నొప్పేమో భుజంలో! గుండెపోటేమోనని ఒళ్లంతా చెమటలు పట్టాయి. మా అమ్మాయి పరుగున వెళ్లి నర్సును పిలుచుకొచ్చింది. ఆవిడ బీపీ చూసి, ఈసీజీ తీయించి, మంచం మీద నా పక్కనే కూర్చుంది. "పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారమ్మా. కాస్త మిగిలిపోయి, ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రం అనే కండరం కింద చేరుతుంది. దాని నరమూ భుజం నరమూ మెడ దగ్గర ఒకేచోట మొదలవుతాయి. అందుకే అక్కడి బాధ ఇక్కడ తెలుస్తుంది. ఒకట్రెండు రోజుల్లో పోతుంది" అంది. ఆ నాలుగు ముక్కలు ముందురోజే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత హడలిపోయేదాన్ని కాదు.

సంతకాల కాగితాలన్నీ ఇంగ్లీషే. "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించారు, పెట్టేశాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి చదివి చెప్పింది: ఈఆర్‌సీపీ తర్వాత కొందరికి క్లోమం వాచవచ్చు, అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చు అని. నా పక్క మంచం ఆవిడకు అలాగే తెరిచారు. డాక్టరు చెయ్యి తప్పిందని వాళ్లాయన వార్డులో ఒకటే గొడవ. లోపల అంతా వాచి అతుక్కుపోయి, నాళం ఏదో తేలనప్పుడు పొట్ట తెరవడమే క్షేమమని ఆయనకు ముందే ఎవరైనా చెప్పాల్సింది.

1957లో హిర్షోవిట్జ్ అనే డాక్టరు, కడుపు లోపల చూడటానికి నోట్లోంచి పంపే వంగే గొట్టాన్ని (ఎండోస్కోప్‌ను) రోగి కంటే ముందు తన గొంతులోకే దించుకున్నాడు. రోగికి ఎలా ఉంటుందో అంతకన్నా బాగా తెలిసేదెలా?

దయచేసి మీ ఆరోగ్యం పేజీలో ఈ సంగతులు తేలిక తెలుగులో వేయించండి. ఏది గ్యాస్ నొప్పో, ఏది కాదో కూడా రాయించండి. జ్వరం, మళ్లీ కళ్లు పచ్చబడటం, గంటగంటకూ పెరిగే కడుపునొప్పి ఉంటే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని