‘మెల్లగానే తగిలింది’ అంటే ఎంత దెబ్బ?

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు బళ్లారి చౌరస్తాలో కార్లు తగులుకుంటే ‘మెల్లగానే తగిలిందిలే’ అని వదిలేస్తున్నారు. ఆ మెల్లగా అన్నదానికి లెక్క ఉంది.

మెల్లగా అంటే గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. దాన్ని 3.6తో భాగిస్తే సెకనుకు 4.17 మీటర్లు. ఈ మార్పు మరిచిపోతే మిగతా అంతా తప్పే. దాని వర్గాన్ని బండి బరువుతో గుణించి, ఆగేలోపు ముందుభాగం నలిగిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే గుద్దు సగటు బలం వస్తుంది. 1000 కిలోల కారు గోడకు తగిలి 10 సెంటీమీటర్లు నలిగితే సగటు బలం దాదాపు 87 వేల న్యూటన్లు, అంటే 8.8 టన్నుల బరువు మోపినట్టు. గరిష్ఠ బలం ఇంకా ఎక్కువ. వేగం 30 అయి, నలుగుడు అంతే ఉంటే నాలుగింతలు.

అసలు చిక్కు నలిగిన దూరం కొలవడంలోనే. ప్లాస్టిక్ బంపర్ మళ్లీ ఉబ్బుతుంది. మిగిలిన సొట్టనే కొలిస్తే బలం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. కవర్ విప్పి లోపలి ఇనుప బీము, దాని బ్రాకెట్లు ఎంత వంగాయో చూడాలి. ఎదుట గోడ కాక, బ్రేకు వేయని అంతే బరువున్న కారుంటే వేగంలో మార్పు సగానికి దగ్గరగా ఉంటుంది.

కారు ముందు ఛాసిస్‌కు (అడుగు చట్రానికి) బిగించే ఇనుప బుల్ గార్డు సులువుగా నలగదు, దూరం తగ్గి బలం పెరుగుతుంది. కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. దయచేసి తీయించండి.

ముందు సీట్లో ఒడిలో 12 కిలోల బిడ్డ ఉంటే? పై గుద్దులో కారుతోపాటే ఆపాలంటే 106 కిలోల బరువు పట్టినట్టు, అదీ సెకనులో ఇరవయ్యో వంతులో. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. బిడ్డను వెనక, పిల్లల సీటులో బెల్టు బిగించి కూర్చోబెట్టండి.

– ఒక మెకానికల్ ఇంజినీరు, కర్నూలు