నీతిపాఠం కన్నా ఆట నవల మేలు

సంపాదక మహాశయా,

ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతూ, పుస్తకం చేతికిస్తే మాత్రం కూడబలుక్కొని చదివే పిల్లలు చెన్నైలో చాలామందే ఉన్నారు. నాలుగైదు తరగతుల్లో వీరికి బేస్‌బాల్ నేపథ్యంగల బాలల నవల ఒకటి అనువదించి చదివించాలని నా సూచన. మూడు స్ట్రైకులైతే, అంటే బంతిని కొట్టే అవకాశం మూడుసార్లు చేజారితే, ఔటన్న నియమం వీధి క్రికెట్ ఆడేవారికి ఇట్టే బోధపడుతుంది. తరువాతి బంతి ఏమవుతుందోనన్న ఆత్రుతే పేజీ తిప్పిస్తుంది, ఒత్తులూ గుణింతాలూ ఆ ఊపులోనే పట్టుబడతాయి.

అలాంటి నవలలో, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున బరిలోకి దిగి, అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీలైన మేజర్ లీగుల్లో నల్లజాతివారిపై ఉన్న నిషేధాన్ని ఛేదించిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ దూషణలకు ఆటతోనే బదులిచ్చారని చదివినప్పుడు, ‘ఆయన ఎందుకు తిరగబడలేదు?’ అని ఏ పిల్లో అడిగితే ఉపాధ్యాయులు తొందరపడి జవాబివ్వకుండా తరగతినే వాదించుకోనివ్వాలి. 1911లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా, కులం కారణంగా అప్పటి మతాలవారీ పోటీల్లోని హిందూ జట్టు సారథ్యం దక్కని దళిత క్రికెటర్ పల్వంకర్ బాలూ గురించి చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

‘ఈ కథలోని నీతి ఏమి?’ అన్న ప్రశ్నను మాత్రం దయచేసి పరీక్షలో ఇవ్వవద్దని పాఠశాలలకు మనవి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, చెన్నై