పాత బ్రాస్ వాద్యాల మౌత్‌పీస్ కొలతలు: ఈ ఆదివారం

బ్యాండ్ మిత్రులందరికీ నమస్కారం.

మీరట్‌లోని జలీ కోఠీ బ్యాండ్ వాద్యాల దుకాణాలకు మౌత్‌పీస్‌ల (పెదవులు ఆనించి ఊదే భాగాల) ఆర్డరు కోసం అందరి తరఫున ఒకే జాబితా పంపదలచాం కనుక, ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు ప్రతి ఒక్కరూ తమ పాత వాద్యాన్ని, దాని మౌత్‌పీస్‌ను సాధన గదికి తీసుకురావాలి.

1970ల మధ్యకు ముందు తయారైన బ్రిటిష్ కంపెనీ బూసీ అండ్ హాక్స్ యుఫోనియంలు (చిన్న ట్యూబా లాంటి ఇత్తడి వాద్యాలు) చాలావరకు మధ్యరకం షాంక్‌కే (మౌత్‌పీస్‌లో వాద్యంలోకి దూరే కాడకే) సరిపోతాయి. నేటి పెద్ద షాంక్ వాటిలో పూర్తిగా దిగదు, చిన్నది మరీ లోపలికి పోతుంది. అందుకే వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాకే ఆర్డరు పెడదాం. మౌత్‌పీస్ పట్టలేదని రిసీవర్‌ను (షాంక్ దూరే గొట్టాన్ని) మాత్రం దయచేసి అరగదీయకండి.

అలాగే పిస్టన్లను (వేళ్లతో నొక్కే వాల్వుల లోపలి కడ్డీలను) వాటి కేసింగ్‌లకే (అవి ఆడే గొట్టాలకే) జతచేసి నూరి ఉంటారు కాబట్టి వేరే వాద్యంలోవి సరిగా ఆడవు.

శనివారం రాత్రిలోగా వాద్యంపై చెక్కిన తయారీదారు పేరు, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో ఇక్కడ పెట్టడం మరవకండి.