చిన్నీకి, కర్నూలు నుంచి నాన్న

చిన్నీ,

పోయిన ఆదివారం కూడా నీ ఫోన్ రాలేదు. అంతకుముందు వారం "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని పెట్టేశావు. ఇక్కడ బాగున్నాం. ఎండలు ముదిరాయి, సుబ్బక్క మిద్దె మీద మిరపకాయలు ఆరబెట్టింది, మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. శీనుగాడు రైతుబజార్లో కనపడి, అక్క రాత్రి రెండింటికి కూడా ఆఫీసు ఫోన్లు ఎత్తుతోందట, ఏం కావాలన్నా టీమంతా ఆమెనే అడుగుతారట అన్నాడు. వాడు మెచ్చుకుంటూనే అన్నాడు కానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు.

సంక్రాంతికి మీ టీమ్ వికీ, అదే ఆఫీసు పనులు ఎలా చేయాలో మీరు రాసుకునే వెబ్ పేజీలు, చూపించావు కదా. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని, 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటిది పెట్టాడని, ఎవరైనా దిద్దొచ్చని, ఎవరేం మార్చారో హిస్టరీలో ఉంటుందని చెప్పావు. అందరూ దిద్దాల్సినదాన్ని నువ్వొక్కదానివే రాత్రిళ్లు కూర్చుని నింపడమేంటమ్మా? సర్వర్ రీస్టార్ట్‌కే మూడు పేజీలున్నాయి, ఏది సరైనదో నాకే తెలుసు అన్నావు. అప్పుడే మాతో నీళ్ల పైపుల పని చేసిన ఫిట్టర్ పెద్దాయన గుర్తొచ్చాడు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నువ్వు పెద్దత్త వాళ్ల మిద్దె మీద ఉన్నావు. నీళ్లు తీశాక చూస్తే వాల్వు గుంతలన్నీ బురద కిందే. పైపుల పటం ఉంది కదా అని పాతబస్తీలో నడుముల్లోతు తవ్వాం, అక్కడ పైపే లేదు. లైను ఎప్పుడో పక్క సందులోకి మార్చారు, పటం ఎవరూ దిద్దలేదు. పటమే లేకుంటే ఎవరినైనా అడిగి తవ్వేవాళ్లం. చివరికి రిటైరై ఆదోనిలో ఉన్న పెద్దాయన్ని జీపులో పిలిపించాం. వేపచెట్టు నుంచి ఏడడుగులు అన్నాడు, ఆ చెట్టూ కొట్టుకుపోయింది. గోడలు చూసుకుంటూ, గడ్డపారతో పొడుచుకుంటూ సాయంత్రానికి పట్టుకున్నాడు. నేను వెనకాలే నడుస్తూ అన్నీ తారీఖుతో సహా నోట్‌బుక్కులో రాసుకున్నా. టీ తాగుతూ చెప్పాడు, సర్వీసంతా ఊరు దాటి రెండు రాత్రులు ఉండలేదట, కూతురి పెళ్లిలో తలంబ్రాలకు ముందు కూడా జీపు వస్తే వెళ్లాడట. గొప్పగానే చెప్పాడు తల్లీ. శీనుగాడు కనపడినప్పటి నుంచి నాకు ఆ మాటే తిరుగుతోంది.

ఆ మూడు పేజీల్లో ఒకటే ఉంచు, మిగతావి తెరిస్తే దానికే వెళ్లేలా చెయ్యి. ప్రతి పేజీ పైన దాన్ని చూసుకునే మనిషి పేరు, చివరిసారి చేసి చూసిన తారీఖు ఉండాలి. పాతబడినవాటి మీద పాతది అని పెద్దగా రాయండి. ఎవరైనా అడిగితే లింకు పంపు, పేజీలో లేకపోతే అడిగినవాళ్లనే రాయమను, నువ్వు దిద్దు. కొత్తగా చేరినవాళ్లు పేజీ చూసి పని చేసి, ఎక్కడ ఆగిపోయారో అక్కడే సరిచేయాలి. పాస్‌వర్డులు మాత్రం అందులో పెట్టొద్దు. రెండు వారాలకో గంట టీమంతా కూర్చుని పాతవి చూసేలా మేనేజర్‌తో క్యాలెండర్లో పెట్టించు. అడగడానికి మొహమాటపడకు.

చెనక్కాయ పొడి, అలసందలు పంపిస్తున్నా, పొడి అంతా ఆఫీసులో పంచేయకు. రాత్రి ఎన్నింటికి తింటున్నావు? ఉగాదికి నాలుగు రోజులు సెలవు పెట్టు, ఆ నాలుగు రోజులు ఫోన్లు ఎవరు ఎత్తుతారో ఇప్పుడే ఆ వికీలో పేరు రాయించు.

ఆదివారం మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి. శీనుగాడు చెప్పింది మీ అమ్మకు నేనింకా చెప్పలేదు.

నాన్న